మసకగా కనిపిస్తోందా? ముందు ఒక కన్ను మూసి చూడండి

కొన్నేళ్ల కిందట ఒక దర్జీ నా దగ్గరికి వచ్చారు. వయసు యాభై రెండు. సూదిలో దారం ఎక్కించడం కష్టమవుతోంది, దగ్గరి చూపుకు అద్దాలు రాసిస్తే చాలు అన్నారు. కుడి కన్ను మూసుకుని బోర్డు మీద అక్షరాలు చదవమన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "లైటు తీసేశారా?" అని అడిగారు. లైటు వెలుగుతూనే ఉంది. ఎడమ కంటి చూపు దాదాపుగా పోయింది. ఎప్పటి నుంచి పోతూ వచ్చిందో ఆయనకు తెలియదు. కుడి కన్ను ఒక్కటే రెండు కళ్ల పనీ చేస్తూ వచ్చింది.

ఇరవై ఏళ్లుగా కళ్లు పరీక్షించి అద్దాలు రాసే పనిలో ఉన్నాను. మసక అంటే అద్దాలే అనుకుని వచ్చేవారిని రోజూ చూస్తాను. చాలామంది విషయంలో అది నిజమే. కొందరికి శస్త్రచికిత్సతో తగ్గుతుంది. మరికొందరిలో పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదాన్ని మాత్రం కాపాడుకోవచ్చు. తనది వీటిలో ఏ రకమో వీలైనంత త్వరగా తేల్చుకోవాలి. దానికి ఇంట్లో చేయగలిగిన మొదటి పని ఒక అట్టముక్కతోనూ పిన్నీసుతోనూ అయిపోతుంది.

కన్ను వెలుగును ఎక్కడ వంచుతుంది

నల్లగుడ్డు మీద గడియారపు అద్దంలా పారదర్శకమైన పొర ఒకటి ఉంటుంది. అదే కార్నియా. పదో తరగతి పాఠంలో కంటి కటకం గురించే ఎక్కువ చదువుకున్నాం కాబట్టి వెలుగును వంచే పనంతా దానిదే అనుకుంటాం. కానీ కంటి మొత్తం శక్తి సుమారు 60 డయాప్టర్లయితే, అందులో 43 దాకా కార్నియాదే. చెరువులో మునిగి కళ్లు తెరిస్తే అంతా అలుక్కుపోయినట్టు కనిపిస్తుంది కదా, కారణం ఇదే. వెలుగును వంచే గుణంలో నీటికీ కార్నియాకూ పెద్ద తేడా లేదు. అందుకే నీటిలో కార్నియా పని దాదాపు ఆగిపోతుంది.

లోపలి కటకం వాటా తక్కువే అయినా అది ఆకారం మార్చుకోగలదు. దాని చుట్టూ ఉంగరంలా సిలియరీ కండరం ఉంటుంది. సన్నని దారాలు కటకాన్ని ఆ కండరానికి కట్టి ఉంచుతాయి. దూరం చూసేటప్పుడు కండరం సడలుతుంది, దారాలు బిగుస్తాయి, కటకం పలచబడుతుంది. దగ్గర చూసేటప్పుడు కండరం ముడుచుకుంటుంది, దారాలు వదులవుతాయి, కటకం ఉబ్బుతుంది. ఇలా వంగిన వెలుగు సుమారు 24 మిల్లీమీటర్ల పొడవున్న కంటిగుడ్డు వెనక గోడ మీది రెటీనాపై ఒక చుక్కగా చేరాలి. రెటీనాకు ముందే కూడుకున్నా మసకే, కూడుకునేలోపు రెటీనా అడ్డొచ్చినా మసకే.

కళ్లజోడు చీటీలో పవర్ అని రాసేది డయాప్టర్లనే. వెలుగును మీటరు దూరంలో కూడగట్టే కటకం పవర్ 1, అర మీటరులో కూడగట్టేది 2. ఈ చిన్న లెక్క ముందు ముందు పనికొస్తుంది.

ఇంట్లో చేసుకునే రెండు పరీక్షలు

గోడ క్యాలెండర్‌కు పది అడుగుల దూరంలో, మంచి వెలుతురులో నిలబడండి. దూరపు అద్దాలు ఉంటే పెట్టుకునే ఉండండి. ఒక కంటిని అరచేతితో కప్పండి. వేళ్లతో మూస్తే సందుల్లోంచి కనిపిస్తుంది, అరచేతితో నొక్కితే ఆ కన్ను తర్వాత కొంతసేపు మసకగా ఉంటుంది. తిథి, వారం, నక్షత్రం రాసిన చిన్న అక్షరాల్లో ఏ వరుస దాకా చదవగలరో చూడండి. తర్వాత రెండో కన్ను. రెండింటికీ తేడా కనిపిస్తే అదే మొదటి ఆధారం.

రెండో పరీక్షకు నల్లటి అట్టముక్కలో పిన్నీసుతో సుమారు ఒక మిల్లీమీటరు రంధ్రం చేయండి. మసకగా ఉన్న కంటి ముందు దాన్ని పెట్టుకుని అదే క్యాలెండర్‌ను చూడండి. అక్షరాలు తేటపడితే లోపం వెలుగును కూడగట్టడంలో ఉందన్నమాట. అలాంటిది చాలావరకు అద్దాలతో పోతుంది. ఏమీ మారకపోయినా, ఇంకా పాడైనా కటకం మబ్బుగా మారిందా, రెటీనా దెబ్బతిందా, నరం దెబ్బతిందా అని వైద్యులు వెతకాలి.

ఇది ఎలా పనిచేస్తుందంటే, అక్షరం మీది ఒక్కో బిందువు నుంచి వచ్చే వెలుగు కనుపాప వెడల్పంతా నిండి లోపలికి వెళుతుంది. సరిగా కూడుకోకపోతే రెటీనా మీద చుక్క పడాల్సిన చోట మరక పడుతుంది. రంధ్రం ఆ వెలుగుకట్టను సన్నగా కోస్తుంది, దాంతో మరక చిన్నదవుతుంది. అద్దాలు లేని పిల్లలు కళ్లు చికిలించి బోర్డు చూసేది కూడా ఇందుకే. ఎవరూ నేర్పకుండానే రెప్పలతో ఆ రంధ్రం చేసుకుంటారు.

ఒక హెచ్చరిక. ఈ రెండు పరీక్షల్లోనూ బాగానే కనిపించినంత మాత్రాన కన్ను ఆరోగ్యంగా ఉందని కాదు. నీటికాసులు, అంటే కంటి నరాన్ని తినేసే గ్లకోమా, చాలాకాలం మధ్య చూపును ముట్టుకోవు. వాటి సంగతి తర్వాత చెబుతాను.

లక్షణం: దగ్గరివి బాగా కనిపిస్తాయి, దూరానివి మసక

బోర్డు చూడకుండా పక్కవాడి నోట్సు చూసి రాసుకునే పిల్లవాడు, టీవీకి అడుగు దూరంలో కూర్చునే అమ్మాయి, బస్సు బోర్డు దగ్గరికొచ్చేదాకా చదవలేని కాలేజీ కుర్రాడు. పిల్లలు "నాకు కనిపించడం లేదు" అని చెప్పరు. అందరికీ లోకం అలాగే కనిపిస్తుందని అనుకుంటారు. మార్కులు తగ్గాయని తిట్లు తిన్న తర్వాత నా దగ్గరికి వచ్చే పిల్లలను చూస్తే బాధ కలుగుతుంది.

కారణం హ్రస్వదృష్టి. ఎక్కువమందిలో కంటిగుడ్డు ఉండాల్సిన దానికంటే పొడవుగా పెరగడం వల్ల వస్తుంది. ఒక్క మిల్లీమీటరు ఎక్కువైతే సుమారు రెండున్నర నుంచి మూడు డయాప్టర్ల తేడా వస్తుంది. దూరం నుంచి వచ్చే వెలుగు రెటీనాకు ముందే కూడుకుంటుంది.

పవర్ ఎంతో ఇంట్లోనే అంచనా వేయవచ్చు. అద్దాలు లేకుండా ఒక కంటితో పుస్తకం చదువుతూ మెల్లగా దూరం జరపండి. అక్షరాల అంచులు చెదరడం ఎక్కడ మొదలవుతుందో టేపుతో కొలవండి. మీటరు దగ్గర అయితే మైనస్ ఒకటి. 50 సెంటీమీటర్లయితే మైనస్ రెండు, 25 అయితే మైనస్ నాలుగు. ఇది అంచనా మాత్రమే, దీన్ని పట్టుకుని అద్దాలు కొనకూడదు.

పరిష్కారం పుటాకార కటకం. చెప్పడానికి ఇంత సులువు. దాన్ని పెట్టించడమే కష్టం. "అద్దాలు అలవాటు చేస్తే పవర్ పెరుగుతుందట కదా?" అని అడగని తల్లిదండ్రులు తక్కువ. పెరిగే వయసులో కన్ను పొడవు పెరుగుతుంది కాబట్టి పవర్ పెరుగుతుంది. అద్దాలు పెట్టినా పెట్టకపోయినా పెరుగుతుంది. కావాలని తక్కువ పవర్ రాయించుకుంటే పెరుగుదల ఆగదని పరిశోధనల్లో తేలింది కూడా. ఇక ఆడపిల్లకు అద్దాలు పెడితే పెళ్లి సంబంధాలకు ఇబ్బంది అని మైనస్ మూడు పవర్ ఉన్న అమ్మాయిని అద్దాలు లేకుండా బడికి పంపే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ అమ్మాయికి ముప్పై మూడు సెంటీమీటర్లు దాటిన ప్రతిదీ మసకే. బోర్డు, టీచరు ముఖం, రోడ్డు మీద వచ్చే లారీ, అన్నీ. దీన్ని నేను చిన్న విషయంగా తీసుకోలేను.

పెరుగుదలను నెమ్మది చేసే మార్గాలు ఉన్నాయి. అన్నింటికంటే చవకైనది ఎండ వెలుగు. గది లోపలి వెలుతురు కొన్ని వందల లక్స్‌లు ఉంటే ఆరుబయట పగటివేళ పదివేలు దాటుతుంది. రోజుకు రెండు గంటలు బయట గడిపే పిల్లల్లో హ్రస్వదృష్టి మొదలవడమే ఆలస్యమవుతుంది. చెట్టు నీడన ఆడుకున్నా సరిపోతుంది. పవర్ వేగంగా పెరుగుతున్న పిల్లలకు తక్కువ మోతాదు అట్రోపిన్ చుక్కలు, ప్రత్యేకంగా తయారుచేసిన అద్దాలు కంటి వైద్యులు సూచిస్తారు.

లేజర్ శస్త్రచికిత్స గురించి ఒక మాట. పద్దెనిమిదేళ్లు నిండి, కనీసం ఏడాదిగా పవర్ మారకుండా ఉండి, కార్నియా మందం సరిపోతేనే అది చేస్తారు. అది కార్నియా వంపును మార్చుతుంది, పొడవైన కన్నును పొట్టి చేయలేదు. మైనస్ ఆరు దాటినవారిలో సాగిన రెటీనా పలచబడి ఉంటుంది. లేజర్ తర్వాత అద్దాలు పోయినా ఆ ముప్పు పోదు. ఏటా చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోవాలి.

లక్షణం: పిల్లవాడు చదవడానికి కూర్చుంటే తలనొప్పి

బోర్డు కనిపిస్తుంది, ఆరుబయట ఆటల్లో ముందుంటాడు, పుస్తకం తీస్తే పది నిమిషాల్లో కళ్లు నలుపుకుంటాడు. బద్ధకం అని తీర్పు ఇవ్వకండి. కన్ను పొట్టిగా ఉంటే వెలుగు కూడుకునేలోపే రెటీనా అడ్డొస్తుంది. ఇదే దీర్ఘదృష్టి. పిల్లల కటకం మెత్తగా ఉంటుంది కాబట్టి కండరాన్ని బిగించి ఆ లోటును పూడ్చుకుంటారు. బోర్డు పరీక్షలో 6/6 వస్తుంది, లోపం దాక్కుంటుంది. అందుకే చిన్నపిల్లల కళ్లను ఆ కండరాన్ని సడలించే చుక్కలు వేసి పరీక్షించాలి. చుక్కలు వేయకుండా పిల్లలకు ప్లస్ పవర్ లేదని ఎవరైనా చెబితే నేను నమ్మను. పరిష్కారం కుంభాకార కటకం.

ఈ బిగింపు ఎక్కువైతే ఒక కన్ను ముక్కు వైపు తిరుగుతుంది. అదీ మెల్ల. మెల్లకన్ను అదృష్టం అనే నమ్మకం మన ఊళ్లలో ఉంది. ఆ నమ్మకం ఎందరి చూపును తిన్నదో నేను చూశాను. తిరిగిన కన్ను పంపే బొమ్మను మెదడు పక్కన పెట్టేస్తుంది. రెండు కళ్ల పవర్‌కు పెద్ద తేడా ఉన్నా ఇదే జరుగుతుంది. లేజీ ఐ అంటారు దీన్ని. కన్ను బాగానే ఉంటుంది, దాని వెనక మెదడు చూడటం నేర్చుకోదు. ఏడెనిమిదేళ్లలోపు సరైన అద్దాలు పెట్టి, బాగున్న కంటికి రోజూ కొన్ని గంటలు పట్టీ వేస్తే వెనకబడిన కన్ను కోలుకుంటుంది. పెద్దయ్యాక ఆ అవకాశం బాగా తగ్గిపోతుంది. బడిలో చేర్చే ముందే, ఏ ఫిర్యాదూ లేకపోయినా, ఒక్కో కన్నునూ విడిగా పరీక్ష చేయించండి.

లక్షణం: నలభై దాటాక పేపరు దూరంగా పట్టుకుంటే గానీ కనిపించదు

బియ్యంలో రాళ్లు ఏరడానికి వాకిట్లోకి వెళ్లాల్సి రావడం, మందుసీసా మీది అక్షరాల కోసం పిల్లలను పిలవడం, ఫోనును చేయి చాచి పట్టుకోవడం. ఇది చత్వారం. అందరికీ వస్తుంది. జబ్బు కాదు, బలహీనత కాదు, ఎక్కువ చదివినందుకు వచ్చిన శిక్ష అంతకన్నా కాదు.

కటకం పుట్టినప్పటి నుంచి పొర మీద పొర వేసుకుంటూ గట్టిపడుతుంది. కండరం ముడుచుకున్నా అది మునుపటిలా ఉబ్బదు. పదేళ్ల పిల్లవాడి కన్ను సుమారు 14 డయాప్టర్ల దాకా అదనపు శక్తి తెచ్చుకోగలదు. నలభై ఏళ్లకు అది అయిదు దరిదాపుల్లో ఉంటుంది, అరవైకి ఒకటి. పాత లెక్క గుర్తు తెచ్చుకోండి. 25 సెంటీమీటర్ల దగ్గర చదవాలంటే నాలుగు కావాలి. ఉన్నదంతా ఖర్చుపెట్టి ఎవరూ గంటల తరబడి చదవలేరు, సగం చేతిలో ఉంటేనే హాయి. నలభై దగ్గర ఈ ఖాతా తలకిందులవుతుంది. దూరానికి మైనస్ రెండు ఉన్నవారు మాత్రం అద్దాలు తీసేసి చదువుకుంటారు. వారి కన్ను ఎలాగూ అర మీటరు దగ్గర స్పష్టంగా చూస్తుంది.

పరిష్కారం దగ్గరి అద్దాలు. నలభై రెండు, మూడేళ్లకు ప్లస్ ఒకటి దగ్గర మొదలై, అరవైకి ప్లస్ రెండున్నర దాకా వెళ్లి ఆగుతుంది. కంటి వ్యాయామాలతో ఇది పోదు, కటకం తిరిగి మెత్తబడదు. ఇక్కడ నేను గట్టిగా చెప్పేది ఒకటి ఉంది. అద్దాలు రాయించుకునేటప్పుడు మీరు చేసే పని ఎంత దూరంలో ఉంటుందో చెప్పండి. నగల పని చేసేవారికి పాతిక సెంటీమీటర్లు, కంప్యూటర్ ముందు కూర్చునేవారికి అరవై, హార్మోనియం మీద స్వరాల పుస్తకం పెట్టుకునేవారికి ఇంకో దూరం. అందరికీ పేపరు దూరానికే రాస్తే అద్దాలు పెట్టెలో ఉండిపోతాయి.

బైఫోకల్ అద్దాల కింది భాగం చదువుకు మాత్రమే. మెట్లు దిగేటప్పుడు దానిలోంచి చూస్తే మెట్టు మసకగా, ఉన్న చోట కాకుండా కనిపిస్తుంది. పెద్దవాళ్లు పడిపోయేది అక్కడే. గడ్డం దించి పైభాగంలోంచి చూడటం అలవాటు చేసుకోవాలి. రోడ్డు పక్కన దొరికే రెడీమేడ్ అద్దాలు కళ్లకు హాని చేయవు. రెండు కళ్లకూ ఒకే పవర్ ఉండి, సిలిండర్ అనే పవర్ (దాని సంగతి కింద చెబుతాను) లేకపోతే పనికొస్తాయి కూడా. నష్టం మరో చోట ఉంది. వాటితో పని గడిచిపోతుంది కాబట్టి నలభై దాటాక తప్పనిసరిగా చేయించుకోవాల్సిన కంటి ఒత్తిడి పరీక్ష జరగదు. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు శిబిరాల్లో చాలామంది మొదటిసారిగా దగ్గరి అద్దాలు అందుకున్నారు. అలాంటి శిబిరాల్లో అద్దాలతో పాటు ఆసుపత్రికి వెళ్లమని చీటీ కూడా ఇస్తే, ఆ చీటీయే ముఖ్యం. అద్దాలు పెట్టుకుని చీటీ పారేసినవారు నాకు తరచూ తారసపడతారు.

అరవై అయిదేళ్ల అమ్మమ్మ హఠాత్తుగా అద్దాలు లేకుండా పేపరు చదివేస్తుంటే ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. చూపు తిరిగి రాలేదు. కటకం నడిమి భాగం ముదురు రంగుకు మారి గట్టిపడి, దాని శక్తి పెరిగింది. శుక్లం మొదలైందని అర్థం.

లక్షణం: అక్షరాలకు నీడ, దీపాలకు తోకలు

ఏ దూరంలోనూ పూర్తిగా తేటగా ఉండదు. అడ్డగీతలు స్పష్టంగా, నిలువు గీతలు చెదిరినట్టు కనిపిస్తాయి, లేదా దానికి తారుమారుగా. కార్నియా బంతిలా కాకుండా గరిటె వెనక వైపులా ఉంటే, అంటే ఒక దిశలో ఎక్కువ వంపు, దానికి అడ్డంగా తక్కువ వంపు ఉంటే, వెలుగు ఒకచోట కూడుకోదు. దీన్ని అసమదృష్టి అంటారు. 1801లో థామస్ యంగ్ తన కంటిలోనే ఈ లోపాన్ని గుర్తించి వివరించారు. 1820లలో ఖగోళ శాస్త్రవేత్త జార్జ్ ఎయిరీ తన ఎడమ కంటి కోసం స్తూపాకార కటకాన్ని తయారు చేయించుకున్నారు. ఇవాళ చీటీలో సిలిండర్ అని రాసేది అదే.

సిలిండర్ పక్కన యాక్సిస్ అనే అంకె ఉంటుంది. ఆ కటకాన్ని ఏ కోణంలో కూర్చోబెట్టాలో చెప్పే అంకె. పది డిగ్రీలు పక్కకు జరిగితే సిలిండర్ చేసే మేలులో మూడో వంతు పోతుంది. ముప్పై డిగ్రీలు జరిగితే మేలంతా పోతుంది, లోపం మరో దిశకు మారుతుంది అంతే. ఫ్రేము వంకరగా ఉన్నా ఇదే ఫలితం.

పదిహేను, ఇరవై ఏళ్ల వయసులో ఆరు నెలలకోసారి సిలిండర్ మారుతూ ఉంటే, ఆ వ్యక్తికి కళ్లు గట్టిగా నలుపుకునే అలవాటు ఉంటే, అద్దాలు మార్చుకుంటూ పోకండి. కార్నియా పలచబడి కోసుగా ముందుకు వస్తుండవచ్చు. కెరటోకోనస్ అంటారు. కార్నియా ఎత్తుపల్లాలను పటంలా గీసే పరీక్షతో తేలుతుంది. తొలిదశలో రైబోఫ్లేవిన్ చుక్కలు వేసి అతినీలలోహిత కాంతి పంపి కార్నియాను గట్టిపరుస్తారు. ఆలస్యమైతే కార్నియా మార్పిడి దాకా వెళ్లవచ్చు. కళ్లు నలపడం మానాలి. దురదకు మందు ఉంది.

లక్షణం: కొత్త అద్దాలు పెట్టుకుంటే నేల వాలినట్టుంది

సిలిండర్ కొత్తగా వచ్చినా, బాగా మారినా వారం పది రోజులు ఇలా ఉండటం సహజం. అద్దాలు అప్పుడప్పుడు కాకుండా రోజంతా పెట్టుకుంటే త్వరగా సర్దుకుంటుంది. రెండు వారాలైనా తగ్గకపోతే కంటిని కాదు, అద్దాలను అనుమానించండి. దుకాణంలో లెన్సోమీటరు ఉంటుంది. చీటీలో ఉన్నదీ అద్దంలో ఉన్నదీ ఒకటేనేమో చూడమనండి. కుడి ఎడమలు తారుమారు కావడం నేను ఎన్నోసార్లు చూశాను. తర్వాత కనుపాపల మధ్య దూరం. అద్దాల కేంద్రాలు కనుపాపలకు ఎదురుగా లేకపోతే, పవర్ ఎక్కువ ఉన్నవారికి కళ్లు లాగుతాయి, తల బరువెక్కుతుంది. పై నుంచి కిందికి పవర్ మెల్లగా మారుతూ పోయే ప్రోగ్రెసివ్ అద్దాలైతే కొలత ఎత్తులో రెండు మిల్లీమీటర్ల తేడా కూడా తెలుస్తుంది. ఇవన్నీ సరిగా ఉంటే అప్పుడు పవర్ మళ్లీ పరీక్షించాలి. పాత కళ్లజోడు వెంట తీసుకెళ్లండి. అది లేకుండా ఏది మారిందో చెప్పడం కష్టం.

లక్షణం: మసక వస్తుంది, పోతుంది

రెప్పలు ఆర్పితే తేటపడుతోందా? కన్నీటి పొర ఎండిపోతోంది. వెలుగు మొదట తాకేది ఆ పొరనే. తెర వైపు చూస్తూ కూర్చున్నప్పుడు రెప్పలు ఆర్పడం బాగా తగ్గిపోతుంది. ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల అవతల ఉన్నదాన్ని ఇరవై సెకన్లు చూడండి. తెరను కంటి మట్టానికి కొంచెం కిందికి పెట్టండి, ఫ్యాను, ఏసీ గాలి ముఖానికి తగలనివ్వకండి. చాలకపోతే కృత్రిమ కన్నీటి చుక్కలు వాడవచ్చు.

రోజుల తేడాలో పవర్ మారుతోందా? చక్కెర పరీక్ష చేయించుకోండి. రక్తంలో చక్కెర పెరిగితే కటకం నీరు పట్టి దాని శక్తి మారుతుంది. మధుమేహం ఉందని కంటి పరీక్షలోనే మొదటిసారి బయటపడినవారు ఉన్నారు. చక్కెర అదుపులోకి వచ్చి కొన్ని వారాలు గడిచాకే అద్దాలు చేయించుకోవాలి, లేకపోతే డబ్బు దండగ.

ఇక్కడే స్టెరాయిడ్ చుక్కల గురించి చెప్పాలి. వేసవిలో పిల్లల కళ్లు దురద పెట్టి ఎర్రబడితే మందుల దుకాణంలో అడిగి చుక్కలు వేస్తారు. రెండు రోజుల్లో హాయిగా ఉంటుంది. ప్రతి ఏడూ అదే సీసా. అందులో స్టెరాయిడ్ ఉంటే నెలల వాడకంలో కంటి ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటుంది, శుక్లం కూడా రావచ్చు. పన్నెండేళ్ల పిల్లవాడికి ఇలా చూపు పోవడం నేను చూశాను. వైద్యుడి చీటీ లేకుండా, ఆయన చెప్పిన రోజులు దాటి, ఏ చుక్కలూ వేయకండి.

లక్షణం: రంధ్రంలోంచి చూసినా తేటపడటం లేదు

ఎదురుగా వచ్చే బండ్ల దీపాలు కళ్లలో చిమ్మినట్టుండి, రంగులు వెలిసిపోయి, పొగమంచులోంచి చూస్తున్నట్టుంటే ఎక్కువగా శుక్లమే. "ముదిరాక రండి" అనే మాట పాతకాలం శస్త్రచికిత్స నాటిది. ఇప్పుడు రెండు, మూడు మిల్లీమీటర్ల గాటు చాలు. మబ్బుపట్టిన కటకాన్ని పొడి చేసి లాగేసి, కృత్రిమ కటకం పెడతారు. పనులకు అడ్డొస్తున్నప్పుడే చేయించుకోవాలి. బాగా ముదిరితే వాపు, ఒత్తిడి రావచ్చు. ఈ కృత్రిమ కటకాన్ని మొదట పెట్టింది 1949లో, లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ. యుద్ధంలో విమానాల కిటికీలు పగిలి పెర్‌స్పెక్స్ అనే ప్లాస్టిక్ ముక్కలు పైలట్ల కళ్లలో గుచ్చుకున్నా కన్ను వాటిని భరించడం ఆయన గమనించారు. ఆ పదార్థంతోనే కటకం చేయించారు.

నీటికాసులు వేరు. పేరు వినగానే శుక్లంతో కలిపేసుకుంటారు. ఇందులో కంటి నరం మెల్లగా, చాలామందిలో నొప్పి లేకుండా, అంచుల నుంచి చస్తూ వస్తుంది. పక్కల నుంచి చూపు తరుగుతుంది, మధ్యలో అక్షరాలు చివరిదాకా కనిపిస్తూనే ఉంటాయి. ఆ దర్జీకి వచ్చింది ఇదే. ఎడమ కంటిలో పోయినదాన్ని ఎవరూ తీసుకురాలేరు. కుడి కంటిలోనూ మొదలైంది, కానీ చుక్కలతో నిలిచింది. ఆ చుక్కలు జీవితాంతం వేసుకోవాలి. తేడా తెలియడం లేదని మానేస్తే తెలిసే రోజుకు చేయగలిగింది ఉండదు. ఇంట్లో ఒకరికి ఉంటే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు అందరూ పరీక్షించుకోవాలి.

మధుమేహం ఉన్నవారు చూపు ఎంత బాగున్నా ఏడాదికోసారి రెటీనా చూపించుకోవాలి. తలుపు చట్రం, కిటికీ ఊచలు ఒక కంటితో చూసినప్పుడు వంకరపోతే రెటీనా మధ్యభాగం దెబ్బతింటోందని అర్థం, ఆ వారంలోనే వెళ్లాలి.

రేచీకటి పిల్లల్లో విటమిన్ ఎ లోపం వల్ల రావచ్చు. తెల్లగుడ్డు మీద నురుగులాంటి మచ్చలు కనిపిస్తే అదే. తొమ్మిదో నెల నుంచి అయిదేళ్ల దాకా ప్రభుత్వం తొమ్మిది మోతాదులు ఉచితంగా ఇస్తుంది, ఒక్కటీ తప్పించకండి. మునగాకు, బొప్పాయి, గుడ్డు తినిపించండి. ఎదిగిన వయసులో చీకట్లో తడుముకుంటూ, నడిచేటప్పుడు పక్కల వస్తువులకు తగులుతుంటే రెటినైటిస్ పిగ్మెంటోసా అనే వంశపారంపర్యమైన రెటీనా జబ్బు కావచ్చు. మేనరికాలు జరిగిన కుటుంబాల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

ఆ రోజే వెళ్లాల్సినవి

కళ్లముందు మెరుపులు, ఒక్కసారిగా నల్లని చుక్కల గుంపు, ఒక పక్క నుంచి తెర దిగినట్టుండటం: రెటీనా ఊడుతుండవచ్చు. దీపాల చుట్టూ ఇంద్రధనుస్సు వలయాలతో, ఎర్రబడిన కన్ను, తీవ్రమైన నొప్పి, వాంతులు: ఒత్తిడి హఠాత్తుగా పెరిగింది. నొప్పి లేకుండా ఒక్క క్షణంలో చూపు పోవడం: రక్తనాళం మూసుకుపోయి ఉండవచ్చు. వీటిలో గంటలు లెక్క.

కోతల కాలంలో వరికంకి గుచ్చుకుని నల్లగుడ్డు మీద తెల్లమచ్చ వస్తే బూజు పట్టిన పుండు కావచ్చు. ఆకుపసరు, ఆముదం, తల్లిపాలు పోయకండి, స్టెరాయిడ్ చుక్కలు అసలే వద్దు. సున్నం పడితే ఆసుపత్రికి బయల్దేరే ముందే కంటిని అరగంట సేపు మంచినీళ్లతో కడగండి. రెప్పలు విప్పి, పలుకులు పోయేలా ధారగా. కడగడమే మొదటి వైద్యం.

పరీక్షకు వచ్చేటప్పుడు

పాత కళ్లజోళ్లన్నీ, పాత చీటీలు, వాడుతున్న చుక్కల సీసాలు, చక్కెర రిపోర్టు తెచ్చుకోండి. కనుపాప పెద్దది చేసే చుక్కలు వేస్తే కొన్ని గంటలు మసకగా ఉంటుంది, బండి నడపకండి, తోడు ఎవరినైనా తీసుకురండి. మీ పనిముట్టు కూడా తెండి. దర్జీ గారు ఆరు నెలలకోసారి వస్తారు. జేబులో సూదీ దారం ఉంటాయి. ముందు ఒత్తిడి చూస్తాం, తర్వాత కొత్త పవర్ పెట్టి ఇస్తాను. ఆయన కిటికీ దగ్గరికి వెళ్లి, కుడి కంటితోనే దారం ఎక్కించి చూసుకుని, "సరిపోయింది" అంటారు. అప్పుడు చీటీ రాస్తాను.